ఈ బాట ఎవరిది?

పాఖాల చెరువు కట్ట నుంచి కొత్తగూడ, గంగారం మీదుగా తాడ్వాయి దాకా పరుచుకున్న అడవి ఇప్పుడు సెలవు రోజుల చుట్టాలకు తలుపు తీస్తోంది. గుడిసెలు, డేరాలు, సైకిళ్లు, కాలినడకలు వస్తున్నాయి. అయితే ఈ అడవిలో నడవడానికి కొత్త దారులు వేయనక్కరలేదు. ఉన్న ప్రతి దారికీ ఒక సొంతదారు ఉన్నారు. వాళ్లెవరో తెలుసుకుని అడుగు వేస్తే చాలు.

నర్సంపేట దాటి అశోక్‌నగర్ మీదుగా వెళ్తుంటే పొలాలు పలచబడి, చెట్లు చిక్కబడతాయి. ఆ మలుపులోనే పాఖాల కట్ట ఎదురవుతుంది. కట్ట ఎక్కితే ఒకవైపు ఆయకట్టు, మరోవైపు కంటికందినంత నీళ్లు. నీళ్ల వెనక గుట్టలు, గుట్టల మీద అడవి. అక్కడి నుంచి కొత్తగూడ వెళ్లే రోడ్డు ఆ అడవి మధ్యలోంచే సాగుతుంది.

మార్చి నెలాఖరులో ఈ రోడ్డు మీద పొద్దున్నే నడవాలి. మోదుగుపూల ఎరుపు నేలకు దిగి ఉంటుంది. మద్దిచెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉంటాయి. ఎక్కడి నుంచో ఇప్పపూల తియ్యటి వాసన వస్తుంది. తారు రోడ్డు అంచున ప్రతి వంద గజాలకూ ఒక సన్నని బాట అడవిలోకి చీలుతుంది. ఒక మనిషి పట్టేంత వెడల్పు, అంతే. గడ్డి అరిగి, మట్టి నున్నబడి, ఎన్నో ఏళ్లుగా ఎవరో నడుస్తున్నారని చెబుతుంటుంది.

ఆ బాటల్లో ఒకదాని మొదట్లో నిలబడితే నాకు ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఈ బాట ఎవరిది?

నీటి బాట

అన్నిటికంటే ముందు ఇక్కడ నడిచింది వాన నీరు. క్రీ.శ. 1213 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో, గుట్టల మధ్య వాగుకు అడ్డంగా కట్ట పోసి పాఖాల చెరువును నిలిపారు. రామప్ప గుడి శాసనంలో ఉన్న ఏడాది కూడా 1213. రాతితో నాట్యం చేయించినవాళ్లూ, నీళ్లను నిలబెట్టినవాళ్లూ ఒకే తరం మనుషులు. గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చెరువుకు గుర్తింపు ఏటేటా నాట్ల కాలంలో ఆయకట్టు పొలాల్లో కనిపిస్తుంది.

సుమారు ముప్పై చదరపు కిలోమీటర్ల ఈ చెరువు ఎనిమిది వందల ఏళ్లు ఎలా బతికింది? తెలంగాణలో కాకతీయుల నాటి చెరువులు ఎన్నో పూడుకుపోయాయి. ఆ పూడిక తీయడానికే 2015లో మిషన్ కాకతీయ పథకం పెట్టాల్సి వచ్చింది. పాఖాలకు మాత్రం ఒక అండ ఉంది. దానిలోకి నీళ్లు వచ్చే దారంతా అడవే. చినుకు ముందు ఆకు మీద పడుతుంది, ఆకు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి రాలిన ఆకుల మెత్త మీదకు దిగుతుంది. అక్కడ ఇంకగా మిగిలింది మెల్లగా వాగులోకి జారుతుంది. వేర్లు మట్టిని పట్టుకుంటాయి కాబట్టి నీళ్లు వస్తాయి, మన్ను రాదు. చెరువును కాపాడింది కట్ట ఒక్కటే అనుకుంటాం. కట్టకు కనిపించని సగం ఈ అడవి.

ఇక్కడి నీళ్ల ప్రయాణం ఇంకా చిత్రమైనది. పాఖాల దగ్గర పుట్టిన మున్నేరు ఖమ్మం దాకా పారి, ఆపైన కృష్ణలో కలుస్తుంది. అదే అడవికి ఈశాన్యం వైపు, తాడ్వాయి, మేడారం దిక్కున పడ్డ వాన జంపన్నవాగులో చేరి గోదావరికి పోతుంది. ఒకే మబ్బు, ఒకే అడవి, రెండు మహానదులు. కొత్తగూడ, గంగారం ఊళ్లు ఆ రెంటి నడుమ బతుకుతున్నాయి.

దేవుడి బాట

రెండో బాట మీద ఒక పెళ్లికొడుకు నడుస్తాడు.

గంగారం మండలంలో పూనుగొండ్ల అనే ఊరుంది. 2016లో జిల్లాలు, మండలాలు మారకముందు అది కొత్తగూడ మండలంలోనే ఉండేది. అక్కడ సమ్మక్క భర్త పగిడిద్దరాజు కొలువై ఉన్నాడు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. గద్దెల మీదికి సమ్మక్క రావడానికి ముందే సారలమ్మ కన్నెపల్లి నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి చేరుకోవాలి. పెనక వంశస్థులు దేవుణ్ని పెళ్లికొడుకుగా ముస్తాబు చేసి, పడిగె అనే దేవుడి జెండా పట్టుకుని బయల్దేరతారు. డోలు మోగుతుంది, అక్కుం అనే బూర ఊదుతారు. బస్సు లేదు, కారు లేదు. అరవై డెబ్బై కిలోమీటర్ల దారి కాలినడకనే, వాగులు దాటుతూ, గుట్టలెక్కుతూ, నడుమ ఒక రాత్రి ఆగుతూ, అడవిలోంచే.

నగరాల్లో మనం ఇప్పుడు ట్రెక్కింగ్ అంటున్నాం, క్యాంపింగ్ అంటున్నాం. ఈ నేల మీద ఆ రెంటికీ పేరు పెట్టకముందే ఒక రూపం ఉంది. నడిచేవాళ్లకు దారిలో ఊళ్లు ఎదురొచ్చి నీళ్లారబోస్తాయి, బెల్లం పెడతాయి, రాత్రి దేవుడితో పాటు మేలుకుంటాయి. తెల్లారి నడక మళ్లీ సాగుతుంది.

కోయల కథలో ఒక బాధ కూడా ఉంది. కరువొచ్చిన ఏడు కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం ఈ అడవి మీదకు వచ్చింది. పగిడిద్దరాజు పడిపోయాడు, కొడుకు జంపన్న సంపెంగవాగులో ప్రాణం విడిస్తే ఆ వాగే జంపన్నవాగైంది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి, కుంకుమ భరిణెగా దొరికింది. పాఖాలలో నీళ్లు నిలిపింది కాకతీయులే, నీళ్లు లేని ఏడు పన్ను అడిగిందీ కాకతీయులే. ఈ అడవిలో నడిచేవాళ్లు ఈ రెండు మాటలనూ కలిపే గుర్తుంచుకోవాలి. చెరువు కట్ట మీద నిలబడి రాజును మెచ్చుకున్న కళ్లతోనే, పూనుగొండ్ల బాట మీద నిలబడి రాజును ఎదిరించినవాళ్లకూ దండం పెట్టాలి.

కొత్తగూడ మండలంలోనే గుంజేడు ముసలమ్మ ఉంది. ఈ దారిన పోయేవాళ్లు ఆ తల్లిని తలుచుకోకుండా పోరు. మొక్కు తీర్చేవాళ్లు కొందరు, చల్లగా చూడమని చేతులెత్తేవాళ్లు కొందరు. ఇక్కడి దేవతలకు ఎత్తైన గోపురాలు ఎప్పుడూ అవసరం పడలేదు. చెట్టు, గుట్ట, వాగు చాలు. అందుకే ఇక్కడ ఒక గుట్ట చుట్టూ కంచె వేసేముందు, ఒక చెట్టు కొట్టేముందు, అది ఎవరి గుడి అని అడగడం మర్యాద.

ఆకు బాట, పువ్వు బాట

మూడో బాట ఆడవాళ్ల పాదాలు వేసింది.

ఇప్పపూలు రాత్రి రాలతాయి. చీకటితోనే లేచి, గంప చంకన పెట్టుకుని, కోయ మహిళలు చెట్టు కిందకు చేరతారు. ఇంటికో చెట్టు, చెట్టుకో పేరు. పూలు ఏరి, ఎండబెట్టి, కొంత తిండికి దాచుకుంటారు, కొంత సంతలో అమ్ముతారు. అదే వేళకు అదే చెట్టు కిందకు గుడ్డెలుగు కూడా వస్తుంది. దానికీ ఇప్పపువ్వంటే ప్రాణం. మసక వెలుగులో ఇద్దరూ ఎదురుపడిన రోజున ఊళ్లోకి మంచం మీద మోసుకొచ్చిన మనిషి కథ మిగులుతుంది. అడవి అందం గురించి రాసే ప్రతి వాక్యం పక్కనా ఈ భయం ఉండాలి.

ఆ తర్వాత తునికాకు. ఎండాకాలం మొదట్లో తునికి మొదళ్లు నరికితే కొత్త చిగురు మెత్తగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కోస్తారు. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. అంటే ఒక బస్తా నిండాలంటే యాభై వేల సార్లు చెయ్యి చాచి, ఆకు తుంచాలి. పొద్దున కోసిన ఆకును మధ్యాహ్నం ఇంటి అరుగు మీద పిల్లాజెల్లా కూర్చుని కట్టలు కడతారు, సాయంత్రం కల్లానికి మోస్తారు. ఏజెన్సీ ఊళ్లలో చాలా ఇళ్లకు వానాకాలం విత్తనాల ఖర్చు, పిల్లల బడి ఖర్చు ఈ కొద్ది వారాల కష్టం నుంచే వస్తుంది.

అడవి మనకు సెలవు రోజు. వాళ్లకు పనిరోజు. మనం సరదాగా నడవబోయే బాట, వాళ్లు బరువుతో తిరిగొచ్చే బాట. ఈ తేడా తెలియకపోతే ఎన్ని పక్షుల పేర్లు తెలిసినా అడవి తెలిసినట్టు కాదు.

ఈ బతుకుకు చట్టం తోడు రావడానికి చాలా కాలం పట్టింది. ఇవి నిజాం కాలంలో వేట అడవులు. 1952లో పాఖాల, 1953లో ఏటూరునాగారం అభయారణ్యాలయ్యాయి. ఒకటి సుమారు 860 చదరపు కిలోమీటర్లు, మరొకటి సుమారు 806. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లు ఒక్క ప్రకటనతో తమ నేల మీదే ఆక్రమణదారుల్లా మిగిలారు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ల సాగుకూ, అటవీ ఫలాలకూ, ఊరుమ్మడి అడవికీ హక్కును ఒప్పుకుంది. 2023లో రాష్ట్రంలో పోడు పట్టాల పంపిణీ పెద్ద ఎత్తున జరిగింది. పట్టా చేతికొచ్చిన ఇళ్లున్నాయి, ఇంకా ఎదురుచూసే ఇళ్లున్నాయి. పోడుకూ, అడవికాపుకూ మధ్య గొడవ నిన్నటిది కాదు, రేపటితో తీరేదీ కాదు. ఈ అడవిలో పర్యాటకం గురించి మాట్లాడేవాళ్లు ఆ గొడవను పక్కన పెట్టి మాట్లాడలేరు.

మెకాల బాట

నాలుగో బాట కంటికి కనిపించదు. పాదాల గుర్తుల్లో మాత్రం తెలుస్తుంది.

పాఖాల, ఏటూరునాగారం అడవుల్లో చిరుతలు, గుడ్డెలుగులు, దుప్పులు, కణుతులు, మనుబోతులు, అడవిపందులు, రేచుకుక్కలు తిరుగుతాయి. ఏటూరునాగారం వైపు అడవిదున్నలు కూడా ఉన్నాయి. పాఖాల నీళ్లలో మొసళ్లుంటాయి. చలికాలంలో వలస బాతులు వచ్చి చెరువు మీద వాలతాయి. పొద్దున్నే కట్ట మీద మాట్లాడకుండా కూర్చుంటే నీటికాకి రెక్కలు ఆరబెట్టుకోవడం, కొంగ ఒంటికాలి మీద ఓపిక పట్టడం తీరుబడిగా చూడవచ్చు.

ఇక పులి. పెద్దపులి ఇక్కడ స్థిరంగా కాపురం ఉండి చాలా ఏళ్లయింది. అయినా బాటను మాత్రం మరిచిపోలేదు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పుట్టిన కుర్ర పులులు సొంత చోటు వెతుక్కుంటూ ప్రాణహిత, గోదావరులు దాటి వస్తుంటాయి. 2024 డిసెంబరులో అలా వచ్చిన పులి అడుగులు ములుగు, వరంగల్ జిల్లాల్లో కనిపించాయి. ఊళ్లలో దండోరా వేశారు, పశువులను తొందరగా ఇంటికి తోలుకొచ్చారు, పత్తి చేలకు ఒంటరిగా పోవద్దన్నారు. గోదావరి ఒడ్డు నుంచి కిన్నెరసాని దాకా ఒక అడవి మరో అడవి చెయ్యి పట్టుకుని ఉన్నంత కాలమే ఆ నడక సాధ్యం. ఆ చెయ్యి కొత్తగూడ, గంగారం దగ్గర వదిలితే పులి దారి తెగిపోతుంది.

పులికి ఇక్కడ పెద్ద ముప్పు తుపాకీ నుంచి కాదు. అడవిపంది కోసం కట్టిన తీగ ఉచ్చు, చేను చుట్టూ దొంగచాటుగా వదిలిన కరెంటు దాని ప్రాణం తీస్తాయి. ఆ తీగకు మనుషులు బలైన ఇళ్లూ ఉన్నాయి. పంట పోయిన రైతుకు పరిహారం త్వరగా అందితే, పోయిన ఆవుకు డబ్బు ఆలస్యం కాకుండా చేతికొస్తే ఉచ్చు పెట్టే చెయ్యి కొంతైనా ఆగుతుంది. వన్యప్రాణిని కాపాడటం అంటే ముందు దాని పక్కింటి మనిషి నష్టాన్ని పంచుకోవడం.

గాలి నడిచిన రోజు

ఈ అడవి ఎంత గట్టిదో చెప్పుకున్నాం. ఎంత సున్నితమైందో ఈ మధ్యే చూశాం.

2023 జులై 27 ఉదయం వరకు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందెన్నడూ అంత వాన నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి గోవిందరాజు ఊరు కొండాయిని ముంచింది. ప్రాణాలు కొట్టుకుపోయాయి. ఏడాది తిరిగింది. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఈదురుగాలి విరుచుకుపడింది. కొద్దిసేపట్లోనే వేల చెట్లు వేళ్లతో సహా కూలాయి. సుమారు యాభై వేల చెట్లని మొదట్లో అటవీశాఖ అంచనా వేసింది. అక్కడికి కొద్ది దూరంలోనే ఊళ్లున్నాయి, వాటిని గాలి వదిలేసింది. సమ్మక్క తల్లి అడవితో అడ్డుకుందని ఊరివాళ్లు అనుకున్నారు. మర్నాడు, సెప్టెంబరు 1న, మున్నేరు ఖమ్మం పట్టణంలోకి వచ్చేసింది. కాలనీలు మునిగాయి, జనం ఇళ్ల కప్పుల మీద రోజంతా సాయం కోసం చూశారు.

ఒకే గాలివాన. అడవి పైకొసన చెట్లు కూలాయి, నీటి బాట దిగువన పట్నం మునిగింది. ఎక్కడో ఏజెన్సీలో ఉన్న అడవితో మాకేం పని అని ఇక ఏ పట్నమూ అనుకోవడానికి వీల్లేదు. వాగు పుట్టే చోట చెట్టు ఉండాలా, వద్దా అన్నది ఆ వాగు చివర ఇల్లు కట్టుకున్నవాళ్ల ప్రశ్న కూడా.

మనం వేయబోయే బాట

దశాబ్దాల పాటు కొత్తగూడ అడవి పేరు వింటే నక్సలైట్లు, పోలీసు కూంబింగులు గుర్తొచ్చేవి. పొద్దుగూకితే బయటివాళ్లు ఇటు రావడానికి జంకేవారు. ఇప్పుడు కాలం మారింది. తాడ్వాయిలో అటవీశాఖ గుడిసెల్లో రాత్రి ఉండవచ్చు. లక్నవరంలో వేలాడే వంతెన మీద నడిచి దీవుల్లోని బసకు చేరవచ్చు. పాఖాలలో పడవ ఎక్కవచ్చు. గూడూరు మండలం సీతానగరం దగ్గర భీమునిపాదం జలపాతం వానాకాలంలో కిక్కిరిసిపోతోంది. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఆదిమానవులు గీసిన బొమ్మలు చూసి, రాళ్లెక్కి రావచ్చు. వరంగల్, హైదరాబాద్ కుర్రాళ్లు బైకుల మీద వస్తున్నారు. మంచిదే. అడవిని చూడని తరం అడవి కోసం నిలబడదు.

నా భయం ఒక్కటే. పార్కు అనే మాటకు ప్రపంచంలో ఒక పాత గాయం ఉంది. 1872లో అమెరికాలో ఎల్లోస్టోన్‌ను తొలి జాతీయ పార్కుగా ప్రకటించారు. కాలం గడిచేకొద్దీ అక్కడ వేటాడి, నడిచి, బతికిన ఆదివాసులు ఆ అందం నుంచి బయటకు నెట్టబడ్డారు. చూడటానికి వచ్చినవాళ్లకు చోటు దొరికింది, ఉన్నవాళ్లకు దొరకలేదు. మన పక్కనే కర్ణాటకలో మరో దారి కనిపించింది. బిళిగిరి రంగన కొండల సోలిగలకు పులుల అడవి లోపలే 2011లో అడవి హక్కులు దక్కాయి. పులీ ఉంది, సోలిగలూ ఉన్నారు.

కొత్తగూడకు ఏ దారి కావాలో ఇప్పుడే తేల్చుకోవాలి. అడవిలో నడిపించే మనిషి ఆ ఊరి కోయ, లంబాడా యువకుడో యువతో అయ్యుండాలి. బస దగ్గర అన్నం ఊళ్లో వండింది కావాలి. టికెట్ డబ్బులో ఊరి వాటా గ్రామసభలో లెక్క చెప్పేంత స్పష్టంగా ఉండాలి. ఇప్పపూల కాలంలో తెల్లవారుజామున, తునికాకు కాలంలో పొద్దంతా, ఆ బాటలు పనిచేసేవాళ్లకే వదలాలి. జాతరకు ముందు దేవుడి బాట దేవుడికే వదలాలి. పాటల సౌండ్ బాక్సులు ఒక్క రాత్రి మోగినా ఆ చుట్టుపక్కల మెకం మళ్లీ నీళ్లకు దిగడానికి జంకుతుంది. కాబట్టి రాత్రి అడవికే వదలాలి.

జాతర ముగిసిన రోజున దేవతలు తిరిగి వెళ్లడాన్ని మన వాళ్లు వనప్రవేశం అంటారు. లక్షల మంది కొలుపులు అందుకున్న తర్వాత కూడా దేవతలు అడవికే వెళతారు, చప్పుడు లేకుండా, తమ బాటనే. అడవిలోకి ఎలా వెళ్లాలో అంతకంటే బాగా ఎవరు చెబుతారు?

ఈ ఏడు కొత్తగూడ వైపు వెళితే ఆ సన్నని బాటల్లో ఒకటి ఎక్కండి. కాసేపటికి ఎదురుగా నెత్తిన మోపుతో ఒకామె వస్తుంది. ఎటు పోతున్నవ్ బిడ్డా అని అడుగుతుంది కూడా. బాట ఒక మనిషికే సరిపోతుంది. మన ఊళ్లలో బరువుతో వచ్చేవాళ్లకు దారి ఇవ్వడం ఎవరూ నేర్పనక్కరలేని పద్ధతి. గడ్డిలోకి దిగి, పక్కకు నిలబడి, ఆమెను పోనివ్వండి. ఆ తర్వాత నడవండి.

వెళ్లేవారికి

• దారి: వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా పాఖాల సుమారు 50 కిలోమీటర్లు. అదే రోడ్డు కొత్తగూడకు వెళుతుంది. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు ములుగు మీదుగా 163వ జాతీయ రహదారి.

• కాలం: పక్షులకు, నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి. జలపాతాలకు వానలు తగ్గిన తర్వాతి రోజులు. వాగు పొంగుతుంటే రోడ్డు దాటే సాహసం వద్దు.

• డేరా: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతితోనే వెళ్లాలి. కనిపించిన చోటల్లా డేరా వేయకూడదు. అటవీశాఖ, పర్యాటక శాఖ చూపిన బసల్లోనే ఉండాలి.

• నిప్పు: అభయారణ్యంలో నిప్పు పెట్టడం నేరం. ఎండాకాలంలో ఒక్క సిగరెట్ ముక్క చాలు, ఒక గుట్ట కాలిపోతుంది.

• నీళ్లు: పాఖాలలో మొసళ్లున్నాయి. ఈతకు దిగవద్దు. జలపాతాల గుండాల్లోకి దూకవద్దు.

• చెత్త: తెచ్చిన ప్రతి సీసా, ప్రతి కవరూ తిరిగి మీ సంచిలోనే ఊరు చేరాలి.